కప్పు తట్టి చూచినట్లు



బొగ్గుబాయిలో పని చేసినవారికి నేను చెప్పనక్కరలేని సంగతి యొకటి గలదు. షిఫ్టు మొదలు కాగానే, మనుష్యులు పనిస్థలమునకు చేరుటకు పూర్వమే, మైనింగు సర్దారు చేతికర్రతో తలమీది కప్పును తట్టి చూచును. కప్పు గట్టిదైనచో కంగుమని పలుకును. లోపల పొర విడివడి బోలుగా నున్నచో డప్పు తడిసినట్లు మందముగా పలుకును. ఆ రెండు ధ్వనుల భేదము చెవికి పట్టినవాడే సర్దారు. కప్పు కంటికి ఎంత నున్నగా తోచినను, వెనుకటి షిఫ్టువారు భద్రమని వ్రాసి పోయినను, తాను స్వయముగా తట్టి వినక ఆతడు ఒక్కనినైనను లోనికి పంపడు.

ఈ సాయంకాలము నేను ప్రసంగింపదలచినది కళాశాలలను గూర్చి. ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడి, 'దోస్త్'లో డిగ్రీ సీట్లకు ఆప్షన్లు పెట్టుకొను ఈ దినములలో, గోదావరిఖనిలోను, యైటింక్లైన్ కాలనీలోను, ఎన్టీపీసీ చుట్టుపట్ల బస్తీలలోను ప్రతి యింట నడచుచున్న ముచ్చట ఇదియే. అయితే కొన్ని యిండ్లలో ఈ ముచ్చట గొంతు తగ్గించి నడచును. ఆ యింటి బిడ్డకు కన్ను కనబడదు. లేక చెవి వినబడదు. లేక కాలుసేతులు స్వాధీనములో నుండవు. లేక ఆ బిడ్డ బుద్ధి తోడిపిల్లల బుద్ధి నడచు దారిన నడవదు. అట్టి బిడ్డల తల్లిదండ్రులు సైతము తక్కినవారు చూచు గుర్తులనే, అనగా ర్యాంకుల ఫ్లెక్సీని, అంతస్తుల కట్టడమును, ఊరిలో వ్యాపించిన పేరును చూచి కళాశాలను నిర్ణయించుట ముప్పది యేండ్ల నా అధ్యాపకవృత్తిలో పలుమార్లు చూచితిని. కప్పు నున్నగా నున్నది గదా యని బిడ్డను లోనికి పంపుచున్నారు. తట్టి వినుట లేదు.

మా వీథిలో ఒక సర్దారు గలడు. ఆయన కుమారునికి పుట్టుకతోనే మెదడునకు దెబ్బ తగిలినది. దానిని వైద్యులు సెరిబ్రల్ పాల్సీ యందురు. కాళ్లు బిగిసి యుండుటచే బాలుడు మూడుచక్రముల బండిమీద తిరుగును. కుడిచేయి వణకుటచే, తోడివారు మూడు పుటలు వ్రాయు కాలములో ఒక పుట వ్రాయును. కాని తండ్రి జీతపు చీటీ చేతికిచ్చినచో, అందలి కోతలను, ఓవర్‌టైమును, ప్లేడే యను సెలవుదినపు హాజరులను నోటిలెక్కతోనే కూడి, పొరపాటున్నచో వ్రేలు పెట్టి చూపగలడు. ఇంటరు ముగించి బి.కాం. చదువగోరెను. తండ్రి, విశ్రాంత అధ్యాపకుడను గదా యని, నన్నును వెంటబెట్టుకొని బయలుదేరెను.

మొదట మేము పోయిన కళాశాల పేరు చెప్పను. ప్రిన్సిపాలుగారు మమ్ము ఎంతో ఆదరముతో కూర్చుండబెట్టి, చల్లని నీళ్లు తెప్పించి, బాలుని మార్కులు చూచి మెచ్చుకొనిరి. తరగతి రెండవ అంతస్తులో నున్నదని తెలిసి నేను ముఖము చిట్లించితిని. ఆయన నవ్వి, "దానికేముంది సార్, మా పిల్లలు బంగారం. రోజూ ఎత్తుకొని తీసుకెళ్తారు" అనిరి. ఆ మాటలో కపటము లేదు. పిల్లలును నిజముగా ఎత్తుకొని పోయెడివారే. బాలుడు మాత్రము తల వంచుకొని తన బండి చక్రపు ఊచలను వ్రేళ్లతో ఒక్కొక్కటిగా తాకుచు కూర్చుండెను. తిరిగి వచ్చునపుడు ఆటోలో మెల్లగా తండ్రి నడిగెను: "బాపూ, వాళ్లు ఎత్తుకొని పైకి తీస్కపోతరు, సరే. నడుమల నాకు ఒంటికొస్తే ఎవ్వలను అడగాలె? దినాం అడగాల్నా?"

సర్దారు చాలసేపు మాటాడలేదు. చౌరస్తా దాటిన పిమ్మట నావైపు తిరిగి, "ఇక్కడ కప్పు బోలుగ పలికింది సారూ" అనెను.

ఆనాటినుండి నా కొక విషయము స్పష్టమైనది. మంచి మనసు వేరు, ఏర్పాటు వేరు. మంచి మనసు గల ప్రిన్సిపాలు బదిలీ యగును. మంచి మనసు గల స్నేహితుడు ఒకనాడు జ్వరముతో రాకపోవచ్చును. ర్యాంపు బదిలీ కాదు, క్రింది అంతస్తులోని గదికి జ్వరము రాదు. కావున తల్లిదండ్రులారా, కళాశాలకు పోయినపుడు ప్రాస్పెక్టసు ముందుగా అడుగకుడు. మీ బిడ్డకు అచట ఒక దినము, ఉదయము తొమ్మిదినుండి సాయంకాలము నాలుగువరకు, ఎట్లు గడచునో మనసులో నడిపించి చూడుడు. గేటువద్ద పశువులు రాకుండ ఇనుపగొట్టములు వంచి పాతియుందురు. వానిలోనుండి మూడుచక్రముల బండి దూరునా? మూత్రశాల తలుపు ఎంత వెడల్పు? లోపల చేతితో పట్టుకొనుటకు ఊత గలదా? ఆడపిల్లయైనచో తల్లియే లోనికి పోయి, తలుపు వేసి, గడియ బిగించి చూడవలెను. ఇట్టి సంగతులు అడుగుటకు మనకు సిగ్గు. కాని మంచినీళ్లు త్రాగినచో మూత్రశాలకు పోవలసి వచ్చునను భయముతో, రామగుండపు ఎండలలో, దినమంతయు గొంతు తడుపుకొనక కూర్చుండిన విద్యార్థినులను నేనెరుగుదును. వారి చదువు ఆగుటకు కారణము పాఠము కాదు.

ఈ బొగ్గుగనుల ప్రాంతమున మరియొక చిక్కు గలదు. అదేమన, షిఫ్టు. తండ్రికి ఒక వారము మొదటి షిఫ్టు, ఒక వారము రెండవ షిఫ్టు, ఒక వారము రాత్రి షిఫ్టు. మొదటి షిఫ్టు వారములో తండ్రి తెల్లవారుజామున పోయి మధ్యాహ్నము దాటిన పిమ్మట వచ్చును. ఉదయము బిడ్డను దింపువారు లేరు. రెండవ షిఫ్టులో దింపగలడు గాని సాయంకాలము తీసికొని రాలేడు. రాత్రి షిఫ్టులో రెండును చేయగలడు. నిద్ర మానుకొని చేయును. అట్లు నిద్ర లేక మరల భూగర్భమునకు దిగు మనుష్యునికి ఏమి ప్రమాదము సంభవింపవచ్చునో ఈ ప్రాంతపు గృహిణులకు నేను వివరింపనేల? అందుచేత కళాశాల ఎంపికలో తండ్రి షిఫ్టు పట్టికయు ఒక పత్రమే. కరీంనగరములోని పెద్ద కళాశాలకు దినమునకు రెండుమారులు బస్సెక్కుటకంటె, ఊరిలోని కళాశాల చిన్నదైనను మేలు గావచ్చును. 2023 డిసెంబరునుండి ఆడపిల్లలకు ఆర్టీసీ ప్రయాణము ఉచితమైన మాట నిజమే. కాని పల్లెవెలుగు బస్సు మెట్టు భూమికి ఎంత ఎత్తున నున్నదో, ఊతకర్రతో నడచు పిల్ల యెరుగును.

మనవారిలో కొందరు, "ఈ బిడ్డకు అంత చదువెందుకు?" అందురు. తండ్రి నౌకరి కొడుకునకు వచ్చునను ఆశ ఇచట తరతరములుగా నున్నది. ఆ ఆశతోనే, ఆరోగ్యవంతుడైన అన్నకు ఇంజనీరింగు ఫీజు కట్టి, అంగవైకల్యము గల తమ్ముని ఇంట కూర్చుండబెట్టిన కుటుంబములు గలవు. నాకు ఇది తలక్రిందులుగా తోచును. బాయిలో దిగుటకు వైద్యపరీక్షలో నెగ్గవలెను. అన్నకు చదువు రాకున్నను బలమైన భుజము గలదు, మరి యే పనియైనను దొరకును. తమ్మునికి చదువు తప్ప వేరు దారి యేది? ఇంటిలో ఒక్క బిడ్డను మాత్రమే కళాశాలకు పంపగల శక్తి యున్నచో, నేనైతే ఈ బిడ్డనే పంపుమందును.

చట్టము మాట త్వరగా చెప్పెదను. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19నుండి అమలులో నున్నది. పూర్వము 1995నాటి చట్టములో మూడు శాతముగా నున్న వికలాంగుల సీట్లు ఇపుడు ఐదు శాతమునకు తగ్గరాదు. ప్రభుత్వ కళాశాలలకును, ప్రభుత్వ సహాయము పొందు కళాశాలలకును ఇది వర్తించును. ప్రవేశపు గరిష్ఠ వయస్సులో ఐదేండ్ల సడలింపు గలదు. నలుబది శాతము, అంతకు మించిన వైకల్యమునకు ధ్రువపత్రము వలయును. దానినే మనము సదరం సర్టిఫికెట్ అని వాడుకలో అనుచుందుము. ఇపుడు దేశమంతట చెల్లు యుడిఐడి కార్డు కూడ వచ్చినది. సీటు దొరికిన పిదప సదరం క్యాంపునకు తిరుగుటకంటె పదవ తరగతిలోనే ఆ పని ముగించుకొనుట మంచిది. ఇక విద్యార్థివేతనముల మాట. బొగ్గుగనుల కంపెనీలో పర్మనెంటు కార్మికుని జీతము చాల పథకముల ఆదాయపరిమితిని దాటును. కాంట్రాక్టు కార్మికుని బిడ్డకు అవి అందును. సాంకేతికవిద్యలో సంవత్సరమునకు యాబది వేల రూపాయలవరకు ఇచ్చు 'సక్షమ్' విద్యార్థివేతనమునకు మాత్రము పరిమితి ఎనిమిది లక్షలు గనుక, దానిని పర్మనెంటువారు సైతము విచారించి చూడవలెను.

పరీక్షలను గూర్చి కళాశాలలో ముందే అడుగుడు. వ్రాయలేని విద్యార్థికి బదులుగా వ్రాయువానిని ఇచ్చుట, గంటకు ఇరువది నిమిషములకు తక్కువ గాకుండ అదనపు కాలమిచ్చుట ఎవరి దయాధర్మమును కాదు, నియమము. 2021 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానము, చేతి కండరములు పట్టివేయు వ్యాధి గల యొక అభ్యర్థి వ్యాజ్యములో, నలుబది శాతము ధ్రువపత్రము లేకున్నను అట్టివానికి వ్రాయువానిని నిరాకరింపరాదని తీర్పు చెప్పినది. ప్రవేశము మాటయు ఇట్టిదే. మన రామగుండములోనే 2022లో వైద్యకళాశాల వెలసినది. డాక్టరు కావలెనను కోరిక మన వాడలలోని బిడ్డలకు ఇపుడు దూరపు మాట కాదు. మాట స్పష్టముగా రాని మహారాష్ట్ర విద్యార్థి యొకడు కోర్టుకెక్కగా, వైకల్యము ఇంత శాతమున్నదను ఒక్క కారణముచే వైద్యవిద్యకు అనర్హుడని త్రోసివేయరాదనియు, చదువగలడా లేదా యని పరిశీలించి చెప్పవలెననియు అదే న్యాయస్థానము 2024 అక్టోబరులో నిర్ణయించినది. శాతమును లెక్కించుట సులభము. సామర్థ్యమును కనిపెట్టుట కష్టము. ఆ కష్టమును సంస్థయే పడవలెనని న్యాయస్థానము చెప్పినట్లు నేను గ్రహించితిని.

నేను చేసిన తప్పిదము నొకటి ఇచట చెప్పవలెను. చాల సంవత్సరముల క్రిందట నా తరగతిలో మొదటి బల్లమీద ఒక అమ్మాయి కూర్చుండెడిది. చెవులు దాదాపు వినబడవని కాగితములలో వ్రాసియున్నను, నేను చదువలేదు. నాకు నల్లబల్లవైపు తిరిగి వ్రాయుచునే చెప్పుట అలవాటు. ఆ అమ్మాయి నా పెదవులు చూచి పాఠము తెలిసికొనవలసినది. ఆమెకు నేను చూపినది నా వీపు. ఏడాది చివర, నోటు పుస్తకము దిద్దునపుడు, ప్రతి పుటలో నేను వ్రాసిన సూత్రములు ముత్యములవలె నుండి, వాని నడుమ నేను నోటితో చెప్పిన వివరణ ఉండవలసిన చోటులన్నియు తెల్లగా ఖాళీ విడిచియుండుట చూచితిని. ఎవరినైన అడిగి తరువాత నింపుకొందునని విడిచినది. నింపినవారు లేరు. ఆ తెల్లని చోటులు నాకు ఇప్పటికిని కనబడుచుండును. అందుచేత వినికిడి లేని బిడ్డ తల్లిదండ్రులతో నేననునది, ప్రిన్సిపాలుతో మాటాడి సరిపెట్టుకొనకుడు. అనుమతి తీసికొని, పాఠము జరుగుచున్న గదివెనుక పది నిమిషములు నిలువుడు. అధ్యాపకుడు ఎవరివైపు తిరిగి మాటాడుచున్నాడో చూడుడు. అట్లే చెవిటిబిడ్డకు సైగభాష తెలిసిన నలుగురు స్నేహితులు వలయును. వారు ఊరిలో లేనిచో, దగ్గరితనమును వదలుకొని హైదరాబాదు పంపుటయే న్యాయము. ఇందాక ఊరి కళాశాల మేలంటినే, ఇది దానికి అపవాదము.

చూపు లేని బిడ్డ విషయములో మాత్రము "ఈ కోర్సు నీకు తగదు" అను మాటను వెంటనే నమ్మకుడు. మచిలీపట్టణము దగ్గర సీతారామపురములో రైతు కుటుంబమున పుట్టిన బొల్లా శ్రీకాంత్, హైదరాబాదులో దేవనార్ అంధుల పాఠశాలలో చదివి, పదవ తరగతి పిమ్మట సైన్సు చదువగోరగా, అంధులకు సైన్సు కుదరదని అధికారులు త్రోసిపుచ్చిరి. అతడు కోర్టుకు పోయి అనుమతి గెలిచి, పాఠములను శబ్దరూపమున విని, తొంబది యెనిమిది శాతము మార్కులు తెచ్చుకొనెను. ఐఐటీ శిక్షణసంస్థలు చేర్చుకొనలేదు, అమెరికాలో ఎం.ఐ.టి. చేర్చుకొన్నది. తిరిగి వచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ నెలకొల్పి, వికలాంగులకు ఉద్యోగములిచ్చెను. ప్రతి బిడ్డయు ఎం.ఐ.టి.కి పోవునని నా తాత్పర్యము గాదు. సైన్సు గది తలుపు మూసినవారి వద్ద కారణమేమియు లేకుండెనని మాత్రమే చెప్పుచున్నాను.

ఒక బిడ్డ కొరకు కళాశాల మారునా యని మీరు సందేహింపవచ్చును. మారుటయే కాదు, తెలుగుదేశమున ఒక బిడ్డ నిమిత్తమై కళాశాలయే పుట్టినది. విజయనగర సంస్థానములో ఉద్యోగి యొకరు, అంధుడైన తన కుమారునకు సంగీతము నేర్పించు మార్గము చూపుమని ప్రభువును వేడగా, విజయరామ గజపతిరాజు 1919లో సంగీత కళాశాల స్థాపించెనని ప్రతీతి. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. చూపు మందగించిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచట ఫిడేలు ఆచార్యులై, తరువాత అధ్యక్షులునైరి. కనబడని యొక బాలుని తండ్రి నోరు తెరచి అడిగిన ఫలమును, కన్నులున్న వేలమంది నూరేండ్లకు పైగా అనుభవించుచున్నారు. మనమును అడుగవచ్చును గదా!

బుద్ధిమాంద్యము గల బిడ్డలను గూర్చి వేరే చెప్పవలెను. వీరికి డిగ్రీ పట్టా పేరు కొరకు మూడేండ్లు తరగతిలో కూర్చుండబెట్టుట ఆ బిడ్డయెడ అన్యాయమని నా అభిప్రాయము. సికిందరాబాదులో మనోవికాస్ నగరున 1984నుండి జాతీయసంస్థ యొకటి పని చేయుచున్నది. ఇపుడు దానిని నీపిడ్ అందురు. ఒకమారు అచటికి తీసికొని పోయి, బిడ్డ ఏమి చేయగలడో నిపుణులచే పరీక్ష చేయించి, అటుపిమ్మట ఓపెన్ స్కూలు గాని, చేతివృత్తి శిక్షణ గాని నిర్ణయించుకొనుట మేలు. ఆటిజము గల బిడ్డల సంగతి మరల వేరు. మా బస్తీలో అట్టి బాలు డొకడు, ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరుగు వేళ గడియారము చూడకయే యెరిగి, కిటికీ రెక్కలు అదురుటకు ముందే చెవులు మూసికొనును. పాఠములో చురుకైనవాడే. వాని తల్లి కళాశాలలు చూడబోయినపుడు అడిగిన ప్రశ్న యొక్కటే: "మీ గంట ఎక్కడ మోగుతది? మావోని గది దానికి ఎంత దూరం?" ఒక గుమాస్తా నవ్వెను. నాకు మాత్రము ఆ సంవత్సరము నేను విన్న ప్రశ్నలలో అదియే అత్యంత వివేకవంతమైనదిగా తోచినది.

సర్దారు కొడుకు సంగతి చెప్పి ముగించెదను. మేము చూచిన మూడవ కళాశాల చిన్నది. సున్నము రాలిన గోడలు, బొగ్గుదుమ్ము పేరుకొన్న కిటికీలు. గేటువద్ద ఇనుపగొట్టములు బండిని ఆపివేసినవి. నేను తిరిగి పోదమనుచుండగా సర్దారు ప్రహరి వెంబడి నడచిపోయి, వెనుకవైపు వెడల్పైన గేటు నొకదానిని కనుగొనెను. దానికి తుప్పు పట్టిన తాళము. దానిని తీయించి లోనికి పోయి చూడగా బి.కాం. తరగతి మొదటి అంతస్తులో. ప్రిన్సిపాలుగారు మమ్ము పొగడనూ లేదు, ఓదార్చనూ లేదు. బాలునివైపు తిరిగి, "నీకేం కావాలో నువ్వు చెప్పు" అనిరి. పదునెనిమిదేండ్ల ఆ కుర్రవానిని అంతవరకు ఏ కళాశాలవారును ఆ మాట అడిగియుండలేదు. వాడు కొంత తడబడి, క్రింద గది, ర్యాంపు, పరీక్షలో ఎక్కువ టైము అని మూడు మాటలు చెప్పెను. ఆయన టైంటేబులు తెప్పించి, పెన్సిలుతో పై గది అంకెను కొట్టివేసి, దానిప్రక్క క్రింది గది అంకె వేసిరి. బయటికి వచ్చునపుడు సర్దారు ఆ గది గుమ్మమువద్ద నిలిచి, అలవాటు చొప్పున, వ్రేళ్లకణుపులతో ద్వారబంధమును రెండుమార్లు తట్టెను.

ర్యాంపు కట్టుటకు నాలుగు నెలలు పట్టినది. అంతవరకు రెండు చెక్కలు వేసిరి. బాలుడిపుడు రెండవ సంవత్సరములో నున్నాడు. మొదట కొన్నాళ్లు ఉదయము అటెండరు వచ్చి వెనుక గేటు తీయువరకు ఎండలో వేచియుండెడివాడు. అటెండరు ఆలస్యముగా వచ్చుచుండెనని విని ప్రిన్సిపాలుగారు మరియొక తాళపుచెవి చేయించిరి. ఆ తాళపుచెవి వాని చొక్కా జేబులోనే యుండును. తొమ్మిదింటికి పది నిమిషములుండగా వచ్చి, తన చేతితోనే గేటు తీసికొని లోనికి పోవును.